ఉసిరి రసం, మునగాకు పొడి, మానేసిన బీ12 మాత్ర

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకూ విషయం తెలుస్తుంది. మీ అత్తగారికి 64 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పూర్తి శాకాహారి. ఆర్నెల్లుగా రోజూ పరగడుపున పాలకూర, సొరకాయ, ఉసిరికాయలు కలిపి మిక్సీ పట్టి, వడగట్టి, పెద్ద గ్లాసుడు తాగుతున్నారు. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో మునగాకు పొడి. తెల్లన్నం మానేసి కొర్రలు, సామలు, జొన్నరొట్టెలకు మారారు. "అన్ని విటమిన్లూ సహజంగానే వస్తుంటే మాత్రలెందుకు" అని డాక్టరు రాసిన బీ12 ఆపేశారు. ఒళ్లు తేలికపడింది, కాస్త బరువు కూడా తగ్గారు. సహజమైన ఆహారంతో అదనంగా విటమిన్లు అందితే ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా, లేక ఇదంతా యూట్యూబ్ గోలేనా అని మీరు అడిగారు.

నేను హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. సూటిగా చెప్పాలంటే ఒంట్లో ఏదైనా విటమిన్ కొరత ఉంటే, అది పూడినప్పుడు కనిపించే మేలు అంతా ఇంతా కాదు. కొరత తీరాక పైన ఎంత పోసినా ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు, అది ఉసిరికాయలోంచి వచ్చినా సీసాలోంచి వచ్చినా. మీ అత్తగారికి ఒళ్లు తేలికపడిన మాట నిజమే అయ్యుంటుంది. ఆ ఘనత విటమిన్లది అయ్యుండదు. ఎందుకో వివరిస్తాను. దానికంటే ముందు ఆ గ్లాసు సంగతి తేల్చాలి, ఎందుకంటే అందులో మూడు ప్రమాదాలున్నాయి.

మొదటిది సొరకాయ. పచ్చి సొరకాయ రసం చేసేముందు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకుని చూడాలి. ఏమాత్రం చేదు తగిలినా కాయ మొత్తం పారేయాలి. అల్లం, నిమ్మరసం, ఉసిరి కలిపితే ఆ చేదు మరుగున పడిపోతుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలుంటాయి. తాగిన కాసేపటికే వాంతులు, ఒక్కోసారి రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాంటి రసం తాగి చనిపోయాకే భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి, చేదు రసం తాగవద్దని, ఇతర రసాలతో కలపవద్దని చెప్పింది. ఆ గ్లాసులో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా కలపడమే.

రెండోది పచ్చి పాలకూర. అందులో కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకునే ఆక్సలేట్లు చాలా ఎక్కువ. పప్పులో వేసి వారానికి రెండుసార్లు తింటే ఇబ్బంది లేదు. కట్టలకు కట్టలు రోజూ పచ్చిగా రసం తీసి తాగితే ఆ ఆక్సలేట్ అంతా కిడ్నీ మీద పడుతుంది. 2018లో అమెరికాలో ఒక పెద్దావిడ "శరీరాన్ని శుభ్రం చేసుకోవడానికి" ఆకుపచ్చ స్మూతీలు తాగి కిడ్నీలు పాడుచేసుకున్న సంగతి వైద్యపత్రికలో వచ్చింది. ఆవిడకు అంతకుముందే పొట్ట తగ్గించే ఆపరేషన్ జరిగింది, యాంటీబయాటిక్స్ కూడా వాడారు, కాబట్టి అందరికీ అలా అవుతుందని చెప్పను. కేరళలో బిలింబి కాయల రసం మోతాదు మించి తాగినవాళ్లలోనూ కిడ్నీ దెబ్బతిన్న కేసులు వచ్చాయి. అదీ ఆక్సలేటే. ఆ కాయల్ని కూరలో వేసుకుని తరతరాలుగా తింటూనే ఉన్నారు. గ్లాసులోకి మారాకే ఇబ్బంది మొదలైంది.

మూడోది మీ ఇంటికే ప్రత్యేకం. టెల్మిసార్టాన్ రక్తంలో పొటాషియంను కొంచెం పెంచుతుంది. ఆకుకూరల రసం నిండా పొటాషియమే. షుగరున్న 64 ఏళ్ల మనిషికి కిడ్నీ ఏ స్థితిలో ఉందో తెలియకుండా ఈ రెండూ కలపడం మంచిది కాదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, దానితోపాటు పొటాషియం పరీక్షలు చేయించేదాకా రసం ఆపండి. అలాగే చదువుతున్నవాళ్లలో ఎవరైనా గుండె కవాటం మార్పించుకుని వార్‌ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. వాళ్లు ఆకుకూర పూర్తిగా మానేయక్కర్లేదు. వారం వారం ఒకే మోతాదులో తినాలి, ఉన్నట్టుండి రసాలు మొదలుపెట్టకూడదు.

ఇక అసలు ప్రశ్న.

విటమిన్ల మహత్యం కట్టుకథేమీ కాదు, మన నేల మీదే రుజువైంది. గంజాం నుంచి కిందికి కోస్తా జిల్లాల్లో, అప్పట్లో ఉత్తర సర్కారులనేవాళ్లు, బెరిబెరి తిష్ట వేసుకుని ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు. పక్కనే తమిళ ప్రాంతంలో అంతగా లేదు. వాళ్లూ వరి తినేవాళ్లే. తేడా ఏమిటంటే వాళ్లది ఉప్పుడు బియ్యం, మనది మరపట్టిన పచ్చి బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులో ఉన్న బీ1 గింజ లోపలికి దిగుతుంది, తర్వాత మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. పచ్చి వడ్లను మరపడితే అది తవుడుతోపాటు పశువుల కుడితిలోకి పోతుంది. మిగిలిన కాస్తా గంజి వార్చినప్పుడు పోతుంది. ఈ జబ్బు అంతు తేల్చడానికే 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టారు. డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన ఆ బెరిబెరి విచారణ విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇప్పుడు తార్నాకలో మనందరం చూసే జాతీయ పోషకాహార సంస్థ అయింది.

గమనించారా, బెరిబెరి నుంచి కాపాడిన ఉప్పుడు బియ్యం కూడా ప్రాసెస్ చేసినదే. నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, అప్పుడు మరపడతారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తిండి ఒంటబట్టక విరేచనాలతో మనిషి చిక్కిపోయే స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది, ఆయన్నీ చావుదాకా తీసుకెళ్లింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్ట్ సారంతో అది నయమవుతోందని చూపించారు. ఆ ఈస్ట్ సారం బీరు తయారీలో మిగిలే మడ్డితో చేసేది, సహజాహార ప్రియులెవరూ ముట్టుకోరు. అందులో పనిచేస్తున్నది ఫోలేట్ అనే బి విటమిన్ అని తర్వాత తేలింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావుగారి బృందం 1945 నాటికి దాన్ని ఫోలిక్ యాసిడ్ రూపంలో కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులను మంచం మీంచి లేపింది. ఈరోజు గర్భం కోసం చూస్తున్న ప్రతి అమ్మాయికీ రోజుకు 400 మైక్రోగ్రాములు రాసేది అదే. దాన్ని ముందునుంచే వాడితే బిడ్డ వెన్నుపాము లోపాలు బాగా తగ్గుతాయి. ఇంకో సంగతి: ఆకుకూరలోని ఫోలేట్ కంటే మాత్రలోని ఫోలిక్ యాసిడే బాగా ఒంటబడుతుంది. సహజమైనది ఎప్పుడూ మేలైనదనే లెక్క ఇక్కడే తప్పింది. విటమిన్ ఈ విషయంలో మాత్రం సహజ రూపానిదే పైచేయి. విటమిన్ సి అయితే ఉసిరిలో ఉన్నా ఫ్యాక్టరీలో చేసినా అణువు ఒకటే, శరీరం పోల్చుకోలేదు.

సిరిధాన్యాల వాళ్లు బహుశా వినని కథ ఒకటుంది. మా ప్రొఫెసర్లు క్లాసులో తప్పకుండా చెప్పేవారు. 1950ల చివర్లో, 60లలో హైదరాబాదు ఆసుపత్రులకు చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలు, చిన్న రైతులు ఒక వింత చర్మంతో వచ్చేవాళ్లు. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం నల్లగా మందంగా మారి పొలుసులు రాలుతుండేది. మెడ మీద అయితే పట్టీ కట్టినట్టే ఉండేది. దానితోపాటు విరేచనాలు, మతిమరుపు, కొందరికి పిచ్చి. అది పెల్లాగ్రా, బీ3 అంటే నియాసిన్ కొరత వల్ల వచ్చే జబ్బు. ప్రపంచమంతా అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బనుకుంటోంది. వీళ్లు తినేది జొన్న. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో దీని మీద లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం వల్ల శరీరంలో నియాసిన్ వాడకం దెబ్బతింటోందని వాళ్ల వాదన. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. కానీ జొన్నరొట్టె, పచ్చికారం తప్ప పెద్దగా ఏమీ దొరకని ఇళ్లలోనే పెల్లాగ్రా వచ్చిందన్నది మాత్రం కళ్లెదుటి నిజం.

ఆ జొన్న ఎలాంటిది? సొంత పొలంలో పండింది, ఇంట్లో విసిరింది, పొట్టు తీయనిది, ఏ ఫ్యాక్టరీ మొహమూ చూడనిది. ఇప్పుడు మనం కిలోకి ఇంతని పోసి కొంటున్న "సంపూర్ణ సహజ" ధాన్యం అచ్చంగా అదే. పళ్లెంలో దానికి పప్పు, పాలు, గుడ్డు, కూర తోడు రాలేదు కాబట్టి జబ్బు వచ్చింది. కాలక్రమంలో జొన్న ఒక్కటే ఆధారం కావడం తగ్గింది, పళ్లెంలోకి నాలుగు రకాలు వచ్చాయి, ఇప్పుడు మా ఆసుపత్రికి వచ్చే డాక్టరు పిల్లలకు పెల్లాగ్రా పుస్తకంలో బొమ్మగానే తెలుసు. తాగుడుకు బానిసై అన్నం మానేసినవాళ్లలో ఎప్పుడైనా ఒకటి కనిపిస్తుంది. మెక్సికోలో మొక్కజొన్నను వేల ఏళ్లుగా సున్నపు నీళ్లలో ఉడికించి తింటారు, దాంతో బిగుసుకున్న నియాసిన్ విడుదలవుతుంది. వాళ్లకు పెల్లాగ్రా రాలేదు. ఆ మొక్కజొన్నను తీసుకెళ్లి సున్నం పద్ధతి వదిలేసిన దేశాల్లో వచ్చింది.

మీ అత్తగారు జొన్నరొట్టె తినడం నాకు ఇష్టమే. పప్పు, పెరుగు, కూరతో తింటున్నంతకాలం ఏ భయమూ లేదు. నేను చెప్పేదల్లా, "ప్రాసెస్ చేయనిది" అన్న ముద్ర ఒక్కటే చూసి విటమిన్లు లెక్కగట్టకండి.

"సరే, కొరత ఉన్నప్పుడు పనిచేసిందిగా, ఎక్కువ తీసుకుంటే ఇంకా బాగా పనిచేయదా?" అని అందరూ అడుగుతారు. విటమిన్ సితోనే చూడండి. మన పోషకాహార సంస్థ 2020లో పెట్టిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 80 మి.గ్రా., ఆడవాళ్లకు 65 మి.గ్రా. కావాలి. మామూలు జామకాయ 100 గ్రాముల్లో 200 మి.గ్రా. పైనే ఉంటుంది. ఆరోగ్యవంతుల మీద జాగ్రత్తగా చేసిన కొలతల్లో తేలిందేమిటంటే, రోజుకు 200 మి.గ్రా. దగ్గరే రక్తంలో విటమిన్ సి దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. 500 దాటాక వచ్చింది వచ్చినట్టు మూత్రంలో పోతుంది, కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. అంటే ఒక్క జామకాయతో బిందె నిండిపోయింది, ఆపైన కొళాయి తిప్పుతూ కూర్చున్నా నీళ్లు కాలవలోకే. జలుబు విషయం కూడా చెప్పేస్తాను: రోజూ విటమిన్ సి వేసుకుంటే జలుబు రావడం తగ్గదు, వచ్చిన జలుబు పెద్దవాళ్లలో నూటికి ఎనిమిది వంతుల మేర త్వరగా పోతుంది. వారం ఉండే జలుబులో ఒక పూట.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, పత్రికలవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని పట్టుకునే వార్తలు రాశారు. రక్తంలో విటమిన్ సి, క్యారెట్టుకు రంగునిచ్చే కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెజబ్బులు, క్యాన్సర్లు తక్కువని సర్వేలు చెబుతాయి. అది అబద్ధం కాదు. బ్రిటన్‌లో 20,536 మందిని తీసుకుని, సగం మందికి విటమిన్ ఈ, సి, బీటా కెరోటిన్ ఐదేళ్లపాటు ఇచ్చారు. మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు. 2002లో ఫలితం వచ్చింది. విటమిన్లు తీసుకున్నవాళ్ల రక్తంలో వాటి స్థాయి బాగానే పెరిగింది. చావుల్లో, గుండెపోటుల్లో, క్యాన్సర్లలో ఏ తేడా రాలేదు. అంతకుముందు 1994లో ఫిన్లాండ్ ఫలితం ఇంకా ఘాటైనది. పొగతాగే 29,133 మంది మగవాళ్లలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ నూటికి 18 వంతులు ఎక్కువగా వచ్చింది. విచిత్రమేమిటంటే, అదే అధ్యయనంలో ఉత్తుత్తి మాత్రల వర్గంలో, కెరోటిన్ ఉన్న కూరగాయలు ఎక్కువ తింటూ వచ్చినవాళ్లకు ఆ క్యాన్సర్ తక్కువే. క్యారెట్టు తినేవాళ్లకు మేలు కనబడింది, క్యారెట్టులోంచి మనం వేరుచేసి మాత్రగా ఇచ్చినది మాత్రం హాని చేసింది.

ఇది విన్నవాళ్లు వెంటనే "చూశారా, మాత్రలు చెడ్డవి, సహజమైనవి మంచివి, మేం చెప్పిందే" అంటారు. అంత తొందర వద్దు. కూరగాయలు ఎక్కువ తినేవాళ్లు మామూలుగా కాస్త నడుస్తారు, తక్కువ తాగుతారు, బీపీ చూపించుకుంటారు, నాలుగు డబ్బులు చేతిలో ఉంటాయి. రక్తంలో విటమిన్ స్థాయి అలాంటి బతుకుకు గుర్తు కావచ్చు. కూరగాయల్లో పీచు, పొటాషియం ఉంటాయి, పొట్ట నిండుతుంది, దాంతో వేరేది తినడం తగ్గుతుంది. ఇన్ని ఉండగా మేలంతా విటమిన్ల ఖాతాలో వేయడానికి ఆధారం లేదు. పైగా సహజంగా దొరికేదాంట్లోనూ మోతాదు మించితే విషమే. ధ్రువపు ఎలుగుబంటి కాలేయం తిని విటమిన్ ఏ విషంతో పడిపోయిన యాత్రికులున్నారు, దానికంటే సహజాహారం ఏముంటుంది? మన మేక కార్జంలోనూ విటమిన్ ఏ దండిగా ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో గర్భిణులను కార్జం తినవద్దంటారు. ఇక్కడ మాత్రం "రక్తం పడుతుంది" అని గర్భిణులకే వారానికి మూడుసార్లు వండిపెట్టే ఇళ్లు నాకు తెలుసు. ఆకుకూరల్లో, క్యారెట్టులో ఉండే కెరోటిన్‌తో ఆ భయం లేదు, శరీరం తనకు కావలసినంతే విటమిన్ ఏగా మార్చుకుంటుంది. మరీ ఎక్కువైతే అరచేతులు పచ్చబడతాయంతే. అలా పచ్చబడిన పిల్లను కామెర్లనుకుని మా దగ్గరకు తీసుకొస్తుంటారు. కళ్లు తెల్లగా ఉన్నాయో లేదో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

మరి మీ అత్తగారికి ఒళ్లెందుకు తేలికపడింది? 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం చేసిన చిన్న ప్రయోగం దీనికి చక్కటి జవాబు. 20 మందిని ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటివంట లాంటి తిండి పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ లాగించారు, రెండు వారాల్లో కిలోకు కాస్త తక్కువ బరువు పెరిగారు. ఇంటివంట వారాల్లో ఇంచుమించు అంతే తగ్గారు. విటమిన్ల ప్రసక్తే లేకుండా ఇంత తేడా. మీ ఇంట్లోనూ ఏం మానేశారో గుర్తుచేసుకోండి. రసం, కొర్రల ఉప్మా వచ్చాక పొద్దున టీలో బిస్కెట్లు, నాలుగింటికి మిక్చరు, రాత్రి రెండో వాయి అన్నం పోయుంటాయి. మేలు అక్కడుంది. రసం మానేసి ఆ మిక్చరు కూడా మానేసే ఉంచితే ఒళ్లు అలాగే తేలిగ్గా ఉంటుంది.

మునగాకు పొడి గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దలు పెట్టారు, మునగాకు పప్పు, మునగాకు వేపుడు నాకూ ఇష్టం. తాజా ఆకు నిజంగానే గొప్పది. కానీ డబ్బా మీద రాసే "పాలకూర కంటే 25 రెట్లు ఇనుము, నారింజ కంటే 7 రెట్లు విటమిన్ సి, పాల కంటే 4 రెట్లు కాల్షియం" లెక్కను పెన్సిలు పట్టుకుని చూడండి. తాజా ఆకులో నూటికి 75 వంతుల దాకా నీళ్లే. ఎండబెడితే నీళ్లు పోయి, అదే బరువుకు అన్నీ నాలుగింతలైనట్టు కనిపిస్తాయి. అలా ఎండిన 100 గ్రాముల పొడిని తీసుకొచ్చి 100 గ్రాముల పచ్చి పాలకూరతో పోలుస్తారు. 100 గ్రాముల పొడి ఎవరు తింటారు? చెంచాడు, అంటే 5 గ్రాములు. అందులో వచ్చే కాల్షియం గ్లాసు పాలలో సగం కూడా ఉండదు. విటమిన్ సి సంగతి ఇంకా హాస్యం: ఆ 7 రెట్లు తాజా ఆకు లెక్క. ఎండలో ఆరబెట్టి పొడి చేసేసరికి అందులో చాలాభాగం హరించుకుపోతుంది. ఆ డబ్బా డబ్బుతో నెలంతా జామకాయలు, తోటకూర, పాలు కొనొచ్చు.

వండితే విటమిన్లు పోతాయన్న భయమూ సగమే నిజం. సి, ఫోలేట్ కొంత పోతాయి, ముఖ్యంగా ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే. కెరోటిన్ తీరు వేరు. ఆకు మెత్తబడి, కాస్త నూనె తగిలితేనే అది ఒంటబడుతుంది. చెంచా నూనె పోపుతో చేసిన తోటకూర వేపుడు, పచ్చి ఆకు రసం కంటే కెరోటిన్ ఎక్కువిస్తుంది. పైగా రసం వడగట్టి పిప్పి పారేస్తున్నారు, ఆ పిప్పిలోనే పీచంతా ఉంది. షుగరు మనిషికి కావలసింది ముందు అదే. ఇడ్లీ పిండి పులిస్తే కొన్ని బి విటమిన్లు పెరుగుతాయి, ఇనుముకు అడ్డుపడే ఫైటేట్ తగ్గుతుంది. కొర్రలు, జొన్నలు నానబెట్టి పులియబెట్టి దోసెలు వేసినా అదే లాభం. పెసలు మొలకెత్తితే లేని విటమిన్ సి పుడుతుంది. పప్పన్నం మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఎక్కువ దిగుతుంది, తిన్న వెంటనే టీ తాగితే ఆగిపోతుంది. ఇవన్నీ మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నవే, ఆ టీ ఒక్కటి తప్ప.

ఇక ఎంత సహజంగా తిన్నా తిండితో పూడని కొరతలు కొన్నున్నాయి. మీ అత్తగారిది సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది.

బీ12 మొక్కల్లో ఉండదు. పాలకూరలో లేదు, మునగాకులో లేదు, కొర్రల్లో లేదు. స్పైరులినా అనే నాచు పొడిలో ఉందని అమ్ముతారు, అందులో ఉన్నది చాలావరకు మన శరీరానికి పనికిరాని నకలు రూపం. శాకాహారులకు ఆధారం పాలు, పెరుగు మాత్రమే. వయసు పెరిగేకొద్దీ పొట్టలో ఆమ్లం తగ్గి తిండిలోని బీ12 విడివడడం తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది ఒంటబట్టడం ఇంకా తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునే అలవాటుంటే మరీనూ. శాకాహారం, 64 ఏళ్లు, మెట్‌ఫార్మిన్, మూడూ ఒకే మనిషిలో. ఇలాంటివాళ్లు మా ఓపీకి వచ్చినప్పుడు చెప్పే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: "చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియట్లేదమ్మా", "అరికాళ్ల కింద దూది ఉన్నట్టుంది". షుగరు వల్లనుకుని వదిలేస్తారు. బీ12 చూస్తే అట్టడుగున ఉంటుంది. నరం ఎక్కువ కాలం దెబ్బతింటే మాత్ర వేసినా పూర్తిగా తిరిగిరాదు, అందుకే మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను భయపెట్టిన వాక్యం ఆ మాత్ర ఆపేశారన్నదే. ఆ మాత్రలోని బీ12 తిండిలోదానిలా ప్రొటీన్‌కు అంటుకుని ఉండదు కాబట్టి ఆమ్లం తగ్గిన పొట్టలో కూడా ఒంటబడుతుంది. ఫ్యాక్టరీ సరుకే ఇక్కడ మెరుగు.

విటమిన్ డి కూడా అంతే. మన తిండిలో అది దాదాపు లేదు, ఎండతో రావాలి. ఇంత ఎండ కాసే మన దగ్గర కొరతేమిటని అనుకుంటాం, తిరుపతి చుట్టుపక్కల పట్నంలోనూ పల్లెలోనూ చేసిన పరిశోధనల్లో చాలామందికి తక్కువే కనిపించింది. పరీక్షలో తక్కువుంటే డాక్టరు చెప్పినన్ని వారాలు వాడి ఆపాలి. ఆ 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి. బాగుంది కదా అని రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగి వాంతులతో చేరినవాళ్లుంటారు. కొరత ఉందా లేదా అని చూడకుండా అందరికీ డి ఇస్తే ఏమవుతుందో కూడా చూశారు: అమెరికాలో 25,871 మందిలో సగానికి రోజుకు 2,000 యూనిట్లు ఏళ్లపాటు ఇస్తే గుండెజబ్బులు, క్యాన్సర్లు రావడం తగ్గలేదు.

రేషన్ బియ్యంలో "ప్లాస్టిక్ గింజలు" అని చేటలో ఏరి పారేస్తున్నారు కదా, వాటి గురించీ ఒక ముక్క. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజల్లా పోతపోసినవి. మామూలు బియ్యంలో క్వింటాలుకు కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. కాస్త పసుపుగా ఉంటాయి, కడిగితే కొన్ని తేలతాయి. రక్తహీనత ఉన్న ఇంట్లో వాటినే ఏరి కోళ్లకు వేసి, మళ్లీ ఐరన్ టానిక్ కొనుక్కోవడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మీ ఇంటికి నేను చెప్పేది ఇది. బీ12 మాత్ర రేపటినుంచే మళ్లీ మొదలుపెట్టండి, అది డాక్టరు రాసిందే కాబట్టి కొత్తగా అడగక్కర్లేదు. ఆపేసిన సంగతి మాత్రం ఆయనకు చెప్పండి. పరగడుపు గ్లాసు ఆపి, అదే పాలకూరను పప్పులో, సొరకాయను కూరలో పెట్టండి. సొరకాయ కోసేటప్పుడు ముక్క రుచి చూడడం మర్చిపోకండి. ఉసిరికాయ ఒకటి రోజూ తింటే తినమనండి, రసం తీయకుండా. జొన్నలు, కొర్రలు అలాగే ఉంచండి, పక్కన పప్పు, పూటకో కప్పు పెరుగు ఉండాలి. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన పళ్లెం లెక్కలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండు ఉన్నాయి. కిడ్నీ బాగుంటే అంతవరకూ వెళ్లొచ్చు. మునగాకు డబ్బా అయిపోయాక ఇంకోటి కొనకండి. క్రియాటినిన్, పొటాషియం, బీ12, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించండి. పొటాషియం 5 దాటితే ఆకుకూరలు ఉడికించి నీళ్లు వార్చి వండాలి, కొబ్బరినీళ్లు, అరటిపళ్లు తగ్గించాలి, అప్పుడు టెల్మిసార్టాన్ సంగతి డాక్టరే చూస్తారు, మీరుగా ఆపొద్దు. ఇంకొకటి, అరికాళ్లలో తిమ్మిరి, నడుస్తుంటే తూలడం ఏమైనా ఉందా అని అత్తగారిని మీరే అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.